ఎదురొకరు, అడ్డమొకరు

మొన్న మా మనవరాలు ఆఫీసుకి వెళ్తూ దారిలో నన్ను కళ్ళాసుపత్రి దగ్గర దింపుతానని కారు బుక్ చేసింది. కొండాపూర్ దాటి అద్దాల మేడల మధ్య నుంచి పోతున్నాం. ఉన్నట్టుండి డ్రైవరు బ్రేకు వేశాడు. ఎవరినైనా గుద్దేశాడేమోనని గుండె పట్టుకున్నాను. చూస్తే ఏమీ లేదు. డివైడరు మీది మొక్కల్లోంచి ఒక పిల్లి దిగి, తోక నిలబెట్టుకుని రోడ్డు దాటి, ఒక మేడ గేటులోకి దర్జాగా వెళ్ళిపోయింది. డ్రైవరు కారు పక్కకి తీసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"భయ్యా, నాకు మీటింగ్ ఉంది. స్టార్ట్ చెయ్యండి ప్లీజ్," అంది మనవరాలు.

"జర ఆగున్రి మేడం. ఇంకో బండి ముందుగాల పోనీ. గంతే."

వెనక బళ్ళు బారులు తీరి ఉన్నాయి కాబట్టి ఆ "గంతే" రెప్పపాటులో అయిపోయింది. మనవరాలు విసుక్కుంటూ ఫోనులో తల దూర్చింది. నాకు మాత్రం నవ్వాగలేదు. ఈ దిక్కునే, ఇదే కారణానికి, ఇంకో బండి కోసం నడిరోడ్డు మీద పడిగాపులు పడ్డ మనిషి ఒకాయన నాకు తెలుసు. పోయి చాలా ఏళ్ళయింది. పేరు చెప్పను. బయలుదేరి వెళ్ళిన మనిషిని వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే ఆయనకి మహా చెడ్డ కోపం. ఎక్కడున్నా సరే, వెనక్కొచ్చి కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయలుదేరాలంటాడు.

మేమంతా ఆయన్ని బాబాయ్ గారూ అనేవాళ్ళం.

డెబ్బైల మొదట్లో నేను కాకినాడ వైపు నుంచి కొత్త కాపురానికి బోరబండ వచ్చాను. మా ఆయనకి సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. అప్పటి బోరబండంటే రాళ్ళు, రాళ్ళ మధ్య సీతాఫలం చెట్లు, చెట్ల మధ్య అక్కడక్కడా మనుషులు. మా ఇంటి యజమానురాలు బాలమ్మ గారు నార్సింగి ఆడపడుచు. ఆ పెంకుటింట్లో ఆవిడొక వైపు, మేమొక వాటా, బాబాయ్ గారొక వాటా. ముగ్గురికీ కలిపి ఒకటే వాకిలి, ఒకటే గేటు.

బాబాయ్ గారు మా వైపు మనిషే. ఏదో సర్కారు ఆఫీసులో గుమాస్తా. భార్య పోయిందని, పిల్లలు లేరని బాలమ్మ గారు చెప్పింది. అది విని తెలుసుకున్న సంగతి. చూసి తెలుసుకున్న సంగతి ఇంకోటుంది. ఆ మనిషికి ఇంట్లోంచి బయటికి వెళ్ళడం చేతకాదు.

ఆయన బయలుదేరడం రోజూ ఒక తతంగం. తెల్ల చొక్కా, తెల్ల పంచె, చంకలో గొడుగు, చేతిలో ఆఫీసు సంచి. తాళం వేసి, లాగి చూసి, కుడికాలు కింద పెట్టేవాడు. పెట్టి, గాలి వాసన చూసే కుందేలులా ఆగేవాడు. బల్లి పలికిందా, కాకి ఎటు అరిచింది, కట్టెల మోపు ఎవరైనా తెస్తున్నారా, నూనె డబ్బా ఎవరి చేతిలోనైనా ఉందా. ఇవన్నీ దాటి గేటు వరకు వచ్చేసరికి ఎవరో ఒకరు తుమ్మేవారు.

"తుమ్మిందెవరమ్మా?" అని అక్కడే శిలలా నిలబడేవాడు.

"నేనే తుమ్మిన సారూ. మిరపకాయలు దంచుతున్న. తుమ్మనా మరి?" అనేది బాలమ్మ గారు రోట్లోంచి తలెత్తకుండా.

"రెండోది కూడా తుమ్మేయండి బాలమ్మ గారూ. దోషం పోతుంది."

"వస్తలేదు సారూ."

"కాస్త ప్రయత్నించండి."

ఆవిడ పాపం ముక్కు ఎగబీల్చి, ఆకాశంలోకి చూసి, నిజంగానే ప్రయత్నించేది. రాకపోతే ఆయన వెనక్కి వచ్చి, తాళం తీసి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, వసారాలో పేము కుర్చీలో కాసేపు కూర్చుని, మళ్ళీ మొదటినుంచి బయలుదేరేవాడు. ఈలోగా బస్సు వెళ్ళిపోయేది. అప్పట్లో బోరబండకి బస్సు రావడమే ఒక విశేషం. ఒకటి పోతే మరోటి ఎప్పుడొస్తుందో డ్రైవరుకి కూడా తెలియదు.

నేను కాపురానికి వచ్చి వారం తిరక్కముందే, ఒక పొద్దున్న గేటు దగ్గర్నుంచి పిలిచాడు. "అమ్మాయీ, ఏమీ అనుకోకు. ఒక చెంబుతో నీళ్ళు పట్టుకుని, అటువైపు నుంచి కాస్త ఎదురు రామ్మా."

నేను కంగారుపడి మా ఆయన వంక చూశాను. మా ఆయన గడ్డం గీసుకుంటూ, "వెళ్ళు, వెళ్ళు. ముత్తైదువ ఎదురొస్తే మంచిదట. ఇన్నాళ్ళూ ఈ వీధిలో మంచి ఎదురే దొరక్క ఆయన నానా పాట్లూ పడుతున్నాడు," అన్నాడు. నేను చెంబు పట్టుకుని, గేటు బయటికి నడిచి, వెనక్కి తిరిగి, ఎదురొచ్చాను. బాబాయ్ గారి మొహం వికసించింది. "శుభం," అని చకచకా వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి అది నా డ్యూటీ అయిపోయింది. పొయ్యి మీద పప్పు మాడుతున్నా సరే, ఆయన తాళం లాగిన చప్పుడు వినపడగానే చెంబు పట్టుకుని పరుగెత్తాలి. "నాకొక్కనాడూ ఎదురు రాలేదు నువ్వు," అని మా ఆయన మూతి ముడిచేవాడు. మా ఆయన సైకిలు మీద వెళ్ళేవాడు. ఎదురొస్తే గుద్దేస్తాడు.

బండి గాడిన పడిందనుకునేసరికి పిల్లి వచ్చింది.

వానాకాలంలో ఎక్కణ్ణుంచో వచ్చి వాకిట్లో కట్టెల కింద చేరింది. పసుపూ తెలుపూ కలిసిన పిల్లి. మామూలు వీధి పిల్లయితే మనిషి అలికిడికే గోడ దూకేస్తుంది. దీనికి మనుషులంటే పిచ్చి ప్రేమ. ఎవరు కనపడ్డా తోక నిలబెట్టుకుని ఎదురొచ్చి, కాళ్ళకి ఈ పక్క రాసుకుని, ఆ పక్క రాసుకుని, వెల్లకిలా పడుకునేది. కాస్త పెడసరం పిల్లయి ఉంటే దూరంగా ఉండేది, ఎవరికీ బాధుండేది కాదు. ఇది మంచిది కాబట్టే కొంప మునిగింది. వీధిలో ఎవరు పనికి బయలుదేరినా సాగనంపడానికి అది వెళ్ళేది. ఆ సాగనంపడం వాళ్ళ కాళ్ళకి అడ్డంగా జరిగేది.

అందరికంటే బాబాయ్ గారంటే దానికి మరీ ఇష్టం. ఆయన తాళం లాగగానే నేను చెంబుతో అటునుంచి, అది తోకతో ఇటునుంచి. నేను ఎదురొచ్చేదాన్ని, అది అడ్డం వచ్చేది. ఆయన రెండు కాళ్ళూ జోడించి నిలబడిపోయి, "ముందు ఎవరొచ్చారమ్మాయీ, నువ్వా, అదా?" అని అడిగేవాడు.

"నేనే బాబాయ్ గారూ."

"అబద్ధం ఆడకు. దాని తోక ముందు కనపడింది నాకు."

వెనక్కి వెళ్ళి కాళ్ళు కడుక్కుని కుర్చీలో కూర్చునేవాడు. తెల్ల పంచెకి వెంట్రుకలు అంటుకుంటాయని ఒళ్ళో ఒక ఎర్ర తువ్వాలు పరుచుకునేవాడు. పరవడం ఆలస్యం, పిల్లి వచ్చి అందులో ఎక్కి ముడుచుకునేది. దాని మూలంగా వచ్చిన దోషం పోగొట్టుకోవడానికి, దాన్నే ఒళ్ళో పెట్టుకుని, వీపు నిమురుతూ, "ఎందుకే నన్నిలా చంపుతావు," అని మందలించేవాడు. అది గుర్రు పెట్టేది. కాసేపటికి ఆయన లేచి బయలుదేరితే, ఇంతసేపు ఒళ్ళో పెట్టుకున్న మనిషిని సాగనంపకపోతే మర్యాద కాదని, మళ్ళీ వెనకే వచ్చి గేటు దగ్గర అడ్డంపడేది.

"ఏంది సారూ, మల్ల ఎన్కకే వస్తివి?" అనేది బాలమ్మ గారు.

"మళ్ళీ వచ్చిందండి."

"ఒక్క దెబ్బ ఎయ్యరాదుండ్రి?"

"శివ శివా! పిల్లి జోలికి పోతే కాశీలో బంగారు పిల్లిని దానమివ్వాలి."

"గదీ నిజమే," అని ఆవిడ తన చేతిలో చీపురు కూడా పక్కన పెట్టేసేది. పాపభయంలో ఇద్దరూ ఇద్దరే.

ఒక సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కుర్చీలో కూలబడ్డాడు. నేను కాఫీ ఇస్తే గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఆఫీసరు పిలిచి చెప్పేశాడమ్మా. ఇంకొకసారి ఆలస్యమైతే ఆదిలాబాదు అడవుల్లోకి బదిలీ."

"పోనీలెండి, అక్కడ పిల్లులుండవు."

"పులులుంటాయి."

"పులి అడ్డమొస్తే శకునం చూసుకునే పనుండదు లెండి," అన్నాను. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వలేదు. గడప వైపు చూశాడు. ఆ గడప మీద పాత పసుపు మరకలు ఇంకా ఉన్నాయి. బాలమ్మ గారు దీపావళికి వెల్ల వేయిస్తూ గడపలు కూడా కడిగిస్తానంటే, ఆయన తన వాటా గడప మాత్రం ముట్టుకోనివ్వలేదు.

"అది మీ పిన్ని రాసిన పసుపు. దీన్ని వదిలి ఎక్కడికి పోతానమ్మా? ఆవిడ రోజూ చెంబుతో ఎదురొచ్చేది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఎవరు తుమ్మారో, ఏ పిల్లి తిరిగిందో నాకు తెలియనే తెలియదు. పోయాకే ఇవన్నీ కనపడ్డం మొదలెట్టాయి."

ఆ మాట విన్నాక ఆయన్ని ఎగతాళి చేయాలంటే నాకు కష్టమైంది. కష్టమైనా మానలేదు, అది వేరే సంగతి. కానీ ఆయన్ని ఆ గడప దాటించి అడవులకి పంపకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను. పిల్లికి ఇంకో ఇల్లు చూడాల్సిందే.

చూడడానికి ఆయనే బయలుదేరాడు. అక్కడే వచ్చింది చిక్కు. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు. "మంచి పిల్లండి, పెంచుకుంటారా," అని అడుగుతాడు. "ఎలుకల్ని పడుతదా?" అంటే, "తెలియదండి, ఎలుకలతోనూ స్నేహంగానే ఉంటున్నట్టుంది," అంటాడు. "మరెందుకు ఇచ్చేస్తున్నవ్?" అంటే, ఎదుటివాడికి అన్యాయం జరగకూడదని మొత్తం దోషాలన్నీ వివరంగా చెప్పేసేవాడు. వాళ్ళు తలుపు వేసుకునేవారు. పైగా ఆయన షరతులు ఆయనకున్నాయి. కుక్క ఉండకూడదు, పాలు ఉండాలి, ఆ ఇంట్లో ఎవరి ప్రయాణానికీ ఇది అడ్డం కాకూడదు.

"ఎవ్వడు బయటికి పోని ఇల్లు ఏడుంటది సారూ, బొందలగడ్డల తప్ప?" అంది బాలమ్మ గారు. బొందలగడ్డంటే శ్మశానం. చివరికి ఆవిడే దారి చూపించింది. నార్సింగిలో ఆవిడ తమ్ముడు నర్సింలుకి వడ్లగాదె ఉంది. ఎలుకలు వడ్లు కొట్టేస్తున్నాయట. వ్యవసాయం మనిషి, పొలం ఇంటి వెనకే, ప్రయాణమంటూ పెద్దగా ఉండదు.

ఒక ఆదివారం ముగ్గురం బయలుదేరాం. బాబాయ్ గారి ఒళ్ళో వెదురు బుట్ట, బుట్టలో పిల్లి, బుట్ట మూతకి ఎర్ర తువ్వాలు కట్టు. మెహదీపట్నంలో బస్సు మారాం. లంగర్‌హౌజ్ దాటాక ఇక ఊరన్నది లేదు. రెండు పక్కలా గుట్టలు, బండరాళ్ళు, మధ్యలో ఈనెపుల్లలాంటి రోడ్డు. పిల్లి బుద్ధిగా కూర్చుంది. ఒకచోట ఎవరో దిగుతానంటే బస్సు ఆగింది. మనిషి దిగి వెళ్ళిపోతున్నాడని దానికి ఎలా తెలిసిందో ఏమో, మూత నెట్టుకుని బయటికొచ్చి, సాగనంపడానికి మెట్ల మీంచి దూకింది. ఆ దిగినాయన కాళ్ళకి రాసుకుని, అక్కణ్ణుంచి తీరిగ్గా బస్సు ముందునుంచి రోడ్డు దాటి, అవతల బండ మీద కూర్చుంది.

డ్రైవరు ఇంజన్ ఆపేశాడు.

"పోనియ్ అన్నా," అన్నాడు కండక్టరు.

"నేను పోను. మొన్న గిట్లనే పోతే టైరు పంచరైంది. ఇంకో బండి ముందుగాల పోవాలె."

అందరం ముందుకీ వెనక్కీ చూశాం. బండి కాదు కదా, దుమ్ము కూడా లేవడం లేదు. ఇవాళ అదే దారిలో పొద్దున ఎనిమిదికి రోడ్డు దాటాలంటే దేవుడికి మొక్కుకోవాలి. ఆ రోజు ఎటు చూసినా రోడ్డు ఖాళీ.

"ఇంకో బండి అంటే సాయంత్రం మల్ల మన బస్సే," అన్నాడు కండక్టరు.

ఒక్కొక్కరే దిగారు. ఎండ మండిపోతోంది. పొద్దున్నే సిటీకి వెళ్ళి సగం బుట్ట సీతాఫలాలు మిగుల్చుకుని వస్తున్న ఒక అవ్వ, ఉసూరుమంటూ బుట్ట దింపుకుని కూర్చుంది. కూర్చున్నవాళ్ళు ఊరికే కూర్చోలేరు కదా. ఒకరు ఒక కాయ కొన్నారు, అది చూసి మరొకరు. చూస్తుండగానే అవ్వ బుట్ట ఖాళీ అయిపోయింది. బస్సు కదలనందుకు సంతోషించిన మనిషి ఆ రోజు ఆవిడొక్కతే. బాలమ్మ గారు ఆ ఖాళీ బుట్ట వంక చాలాసేపు చూడడం నేను గమనించాను, ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

అంతలో వెనకనుంచి ఎడ్లబండి వచ్చింది. బస్సు జనమంతా చప్పట్లు కొట్టినంత పని చేశారు. బండి మీదున్నది ఎవరో కాదు, సిటీలో వంకాయలు దింపి ఇంటికి పోతున్న నర్సింలు.

"ఏందక్కా, బస్సు ఖరాబైందా?"

"ఖరాబ్ గాలే తమ్మీ. పిల్లి అడ్డమొచ్చింది. జర నువ్వు ముందుగాల పో."

నర్సింలు పగ్గాలు లాగి పట్టుకున్నాడు. "నేనెందుకు పోత? బస్సుల గింత మంది ఉన్నరు. ఏదన్న అయితే తలా ఇంత పంచుకుంటరు. నేనొక్కణ్ణి, రెండెడ్లు."

"అన్నా, నీ కాల్మొక్త," అన్నాడు కండక్టరు.

"మొక్కినా పోను. గింతకు ఏ పిల్లి?"

బాలమ్మ గారు బండ వైపు వేలు చూపించింది. "గదే. నీకని తెస్తున్న పిల్లి."

నర్సింలు పిల్లిని చూశాడు, ఆగిన బస్సుని చూశాడు, ఎండలో నిలబడ్డ జనాన్ని చూశాడు. "నాకొద్దక్కా. ఎలుకలు తింటే తిననియ్యి. అవి తినంగ మిగిలిందే నేను తింట," అన్నాడు.

ఇప్పుడు బస్సూ ఆగింది, బండీ ఆగింది. బాబాయ్ గారికి తల ఎత్తుకోవడానికి లేదు. ఆయన శకునం తప్పినప్పుడు చేసే పనే చేశాడు. మైలురాయి మీద కూర్చున్నాడు. సంచిలోని సీసా తీసి రెండు గుక్కలు నీళ్ళు తాగాడు. అలవాటు ప్రకారం బుట్టకి వేలాడుతున్న తువ్వాలు తీసి ఒళ్ళో పరుచుకున్నాడు.

బండ మీంచి పిల్లి అది చూసింది. లేచి, ఒళ్ళు విరుచుకుని, వెళ్ళిన దారినే రోడ్డు దాటి తిరిగొచ్చి, ఆయన ఒళ్ళోకి ఎక్కింది.

జనం నిర్ఘాంతపోయారు. "సారూ, శాస్త్రం తెల్సినట్టున్నది నీకు. గిప్పుడు రెండుసార్లు అడ్డమొచ్చినట్టా? ఏం లెక్క గిది?" అని డ్రైవరు అడిగాడు. నర్సింలుతో సహా అందరూ బాబాయ్ గారి చుట్టూ మూగారు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు మూసుకున్నాడు. తెరిచి, ఆఫీసులో ఫైలు మీద రాసే గొంతుతో, "పోయిన దారినే తిరిగొచ్చింది కనక కొట్టివేత. పూర్తిగా కొట్టివేత," అన్నాడు.

"గట్ల రాసుంటదా?"

"ఉంటుంది."

డ్రైవరు ఒక దండం పెట్టి ఇంజన్ వేశాడు. బస్సులో ఎక్కాక నేను ఆయన చెవి దగ్గర, "బాబాయ్ గారూ, ఇంటి దగ్గర కూడా ఇది రోజూ పోయిన దారినే తిరిగొస్తుంది కదా. అక్కడ కొట్టివేత ఎందుకు కాదూ?" అన్నాను.

"అది ఇంటి శకునమమ్మా. ఇది బస్సు శకునం," అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ.

నార్సింగిలో నర్సింలు భార్య జొన్నరొట్టెలు పెట్టింది, పిల్లికి పెరుగు పెట్టింది. నర్సింలు మాత్రం మేము మళ్ళీ బస్సెక్కేవరకు ఎటూ కదలకుండా మంచంమీదే కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో బుట్ట మూత మీద ముగ్గురం చేతులు వేసి కూర్చున్నాం. బాబాయ్ గారు మూత సందులోంచి పిల్లి వంక చూస్తూనే ఉన్నాడు. రేపు సోమవారం. ఆఫీసు.

బోరబండలో దిగగానే బాలమ్మ గారు ఇంటి వైపు నడవలేదు. బస్సాగే చోటే తాటాకు పందిరి కింద ఉన్న మల్లేశం చాయ్ హోటలు వైపు నడిచింది. మల్లేశం బల్లలు తుడుస్తున్నాడు. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు. ఆ హోటల్లో ఎప్పుడు చూసినా మల్లేశం, ఈగలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. జనం తిన్నగా వచ్చి బస్సెక్కి పోయేవారు.

"మల్లేశం, ఈ పిల్లిని ఉంచుకో," అంది ఆవిడ.

"పిల్లా! మీ వాకిట్ల పిల్లేనా? వద్దక్కా. దుకానం ముంగట అపశకునం."

"ఎవనికి అపశకునం? పోయేటోనికి. నువ్వు ఏడికి పోతున్నవ్? పిల్లి అడ్డమొచ్చినోడు ఏం చేస్తడు?"

"ఆగుతడు."

"ఆగి?"

"కూసుంటడు."

"ఏడ కూసుంటడు? ఇంటికి పోయేంత దూరం ఎవడు నడుస్తడు? నీ బల్ల మీదనే గద."

మల్లేశం తుడవడం ఆపాడు. "కూసొని నీళ్ళు తాగి పోతడక్కా. నీళ్ళు నేను ఊకెనే ఇస్త," అన్నాడు కొంచెం అనుమానంగా.

బాలమ్మ గారు బాబాయ్ గారి వైపు తిరిగింది. "సారూ, శాస్త్రంల నీళ్ళే తాగాల్నని ఉన్నదా? చాయ్ తాగితే నడవదా?"

బాబాయ్ గారు తడబడ్డాడు. ఆయన జీవితంలో అంత పెద్ద ప్రశ్న ఎవరూ వేయలేదు. బుట్టలోంచి ఒక పసుపు పంజా బయటికొచ్చి ఆయన చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది. ఆయన దాన్ని మెల్లగా లోపలికి నెట్టి, "చాయ్‌లోనూ నీళ్ళుంటాయి కదండీ," అన్నాడు.

ఆ మాటతో పిల్లికి ఇల్లు కుదిరింది. అప్పగించేటప్పుడు ఆయన మల్లేశానికి చెప్పిన జాగ్రత్తలు చాలా ఉన్నాయి. పాలు గోరువెచ్చగా పొయ్యాలి, పొయ్యి దగ్గర పడుకోనివ్వకూడదు, బస్సు వచ్చేటప్పుడు చూసుకోవాలి. చెప్పి చెప్పి, బుట్ట మాత్రం వదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. బాలమ్మ గారే ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది.

వారం తిరిగేసరికి మల్లేశం హోటల్లో చోటు దొరకడం కష్టమైపోయింది. పిల్లి తన పని తాను చేసేది. బస్సు కోసం వచ్చిన ప్రతి మనిషినీ పలకరించడానికి అడ్డంగా వెళ్ళేది. ఆ మనిషి "అరెరే" అని, నాలిక కరుచుకుని, బల్ల మీద కూర్చుని చాయ్ చెప్పేవాడు. మా ఆయన కూడా సైకిలు దిగి రెండుసార్లు తాగొచ్చాడు. అడిగితే దోషమన్నాడు. ఈయనకి శకునాల మీద నమ్మకం ఎప్పుడు పుట్టిందో నాకు తెలియదు.

ఇక మా ఇంటి దగ్గర. పిల్లిని అప్పగించిన మర్నాడు బాబాయ్ గారు తాళం లాగాడు. నేను చెంబుతో ఎదురొచ్చాను. ఎవరూ అడ్డం రాలేదు, ఎవరూ తుమ్మలేదు. "శుభం," అన్నాడు ఆయన. అని, గేటు దగ్గర ఆగి, కట్టెల వైపు ఒకసారి, గోడ వైపు ఒకసారి చూశాడు. తర్వాత నెమ్మదిగా వెళ్ళిపోయాడు. పీడ వదిలినవాడిలా లేదు ఆ నడక.

ఆ తర్వాత నుంచి ఆయన మరీ పెందలాడే బయలుదేరడం మొదలుపెట్టాడు. నా పొయ్యి కూడా రాజకముందే తాళం చప్పుడు. ఆఫీసరు బెదిరింపు బాగానే పనిచేసిందనుకున్నాను. ఆఫీసులో కూడా అలాగే అనుకుని మెచ్చుకున్నారట. ఆదిలాబాదు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆయన చివరికి ఆ ఉద్యోగంలోనే, ఆ గడప ఉన్న ఇంట్లోనే రిటైరయ్యాడు.

నాకు అసలు సంగతి తెలిసింది పాల కోసం బస్టాపు వైపు వెళ్ళిన ఒక పొద్దున్న. బస్సుకి ఇంకా బోలెడు వ్యవధి ఉంది. మల్లేశం అప్పుడే పొయ్యి అంటిస్తున్నాడు. పిల్లి పందిరి కింద గోనెపట్టా మీద చుట్ట చుట్టుకుని నిద్రపోతోంది. బాబాయ్ గారు రోడ్డుకి ఈ పక్కన, గొడుగు చంకలో, సంచి చేతిలో, కుడికాలు ముందుకు పెట్టి నిలబడి ఉన్నాడు. ఎవరి కోసమో ఎదురు చూస్తున్నాడనుకుని దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను చూడలేదు.

"లేవే తల్లీ," అంటున్నాడు గొంతు తగ్గించి. "ఒక్కసారి అడ్డం రావే. బస్సొచ్చేస్తుంది."

పిల్లి ఒక కన్ను తెరిచింది. లేచి, ముందు కాళ్ళు చాపి ఒళ్ళు విరుచుకుని, తోక నిలబెట్టుకుని వచ్చి, ఆయన ముందునుంచి ఈ చివర నుంచి ఆ చివరకి నింపాదిగా నడిచింది.

అప్పుడు నన్ను చూశాడు. ఒక్క క్షణం తడబడి, నుదురు కొట్టుకున్నాడు.

"చూశావా అమ్మాయీ, నా ఖర్మ! ఇక కూర్చోక తప్పదు."

ఇంట్లో పేము కుర్చీ మీద వేలాడవలసిన ఎర్ర తువ్వాలు ఆఫీసు సంచిలోంచి తీసి, దులిపి, ఒళ్ళో పరుచుకుని కూర్చున్నాడు.